సగటు నాలుగు డిగ్రీలు

ముందు పోయినవి చెబుతాను. పద్నాలుగు సీసాల టీకా మందు పోయింది. తొమ్మిది ప్రయాణాల పని పోయింది. ముప్పై ఒక్క మంది పసిపిల్లల రక్తపరీక్షల ఫలితాలను మా పరిశోధన పట్టికలోంచి తీసేయాల్సి వచ్చింది కాబట్టి ఒక కోతల కాలమంతా పోయినట్టే. అరవై గుడిసెల మనుషులు మా మీద పెట్టుకున్న నమ్మకం పోయింది. దాన్ని ఏ కొలతలో రాయాలో తెలియక ఒకటి అని రాస్తున్నాను. మా డ్రైవరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఐదేళ్ల పిల్ల ఒకతె పోయింది. ఆ పిల్ల మా పట్టికలో లేదు, మా టీకాతో ఆమెకు సంబంధం లేదు. అయినా ఈ లెక్కలో వేస్తున్నాను.

ఇంకొకటి ఉంది. ఒకరోజు పగలు పదకొండు గంటల నుంచి నాలుగు దాకా, ఐదు గంటలు. పైన చెప్పినవన్నీ తలుచుకుంటే బాధ కలుగుతుంది. ఈ ఐదు గంటలు తలుచుకుంటే మాత్రం భయమేస్తుంది.

ఇది మీలాంటి చిన్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఆసుపత్రుల్లో, పరిశోధన సంస్థల్లో కంప్యూటరు ముందు కూర్చుని అంకెలు చూసే ఉద్యోగాలు ఇప్పుడు చాలా వచ్చాయి. నేను అలాంటి ఉద్యోగంలోకి దొడ్డిదారిన వచ్చినవాణ్ణి. ఇంటర్ తప్పాక పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేరాను. లోడు వస్తే పది చోట్ల చెయ్యి పెట్టి పత్తి తీసి, తేమ కొలిచి, సగటు కట్టేవాణ్ణి. ఒక చోట తడిగా ఉన్నా, ఇంకో చోట ఎండిపోయినట్టున్నా, అంతా కలిసి యంత్రంలో పడేదే కాబట్టి సగటు చెబితే చాలు. కంప్యూటరు నాకు నేనే నేర్చుకున్నాను. పట్టికలు కట్టడం, తప్పులు పట్టుకోవడం, గ్రాఫులు గీయడం అన్నీ పుస్తకాలు చూసి, వీడియోలు చూసి పట్టుబట్టి నేర్చుకున్నవే. అందుకే పసిపిల్లల జబ్బుల మీద, టీకాల మీద పని చేసే ఒక సంస్థ మా వైపు శాఖ తెరిచి లెక్కల మనిషి కావాలన్నప్పుడు, డిగ్రీ లేకపోయినా నన్ను తీసుకున్నారు.

పరిశోధన ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. మిరపకాయల కోతలకు దర్శి అవతలి పల్లెల నుంచి, ఇంకా దూరం నుంచి కూలీలు పిల్లాపాపలతో మా ప్రాంతానికి వస్తారు. మూడు నెలలు పొలాల పక్కనే పట్టాల గుడిసెలు వేసుకుని ఉంటారు. వాళ్ల చంటిపిల్లలకు కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు వంటి ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా వేళకు పడుతుందా, పడితే ఆ రక్షణ నిజంగా ఒంట్లోకి వస్తుందా అన్నది ప్రశ్న. మేమే గుడిసెల దగ్గరకు వెళ్లి టీకా వేసేవాళ్లం. నెల పోయాక మడమ దగ్గర గుచ్చి చుక్క రక్తం తీసి పరీక్షకు పంపేవాళ్లం.

మేం నలుగురం. పరిశోధన నడిపే డాక్టరు గారు. ఆమె ఒక మాట అడిగితే ఒకే మాట జవాబు చెప్పాలి, రెండో మాట చెబితే కళ్లద్దాలు తీసి చూసేది. నర్సమ్మ గారు, ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఊళ్లలో సూదులు వేసిన మనిషి, నన్ను తమ్ముడూ అని పిలిచేది. రంజాన్ నెలలో ఉపవాసం ఉండి కూడా ఎండలో పొలాలన్నీ తిరిగేది, మంచినీళ్లు తాగుతూ ఆమె ఎదురుపడితే మాకే సిగ్గేసేది. మూడో మనిషి డ్రైవరు, టీకా పెట్టె సర్దేది కూడా అతనే. నాలుగో మనిషిని నేను. పర్చూరు వెళ్లే దారిలో ఒక అద్దె ఇల్లు మా ఆఫీసు. ముందు గదిలో నా కంప్యూటరు, వెనక గదిలో టీకా ఫ్రిజ్.

పెట్టె సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. టీకాను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. పెట్టెలో నాలుగు వైపులా ఐస్ ప్యాకులు పెట్టి మధ్యలో సీసాలు పెడతారు. అయితే ప్యాకుల్ని ఫ్రీజరులోంచి తీసిన వెంటనే పెట్టకూడదు. బయట ఉంచి, వాటికి చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాక అప్పుడు పెట్టాలి. లేకపోతే పక్కనున్న సీసాలు గడ్డకడతాయి. ఈ టీకా ఒకసారి గడ్డకట్టిందంటే మళ్లీ కరిగినా పనికిరాదు. చూడటానికి మాత్రం మందులాగే ఉంటుంది.

ఇది గోడ మీద కాగితం అంటించి మరీ ఉంది. కానీ మా దగ్గర ఫాల్గుణం దాటాక ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మేం అందరం భయపడింది వేడికే. చల్లదనానికి భయపడాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

"చెమట పట్టేదాకా కూర్చుంటే మందు ఉడికిపోద్ది గుమాస్తా గారూ. పొలం కాడ నలభై ఉంది. ఇంకో రెండు ప్యాకులు ఎక్కువే పెడతా. పిల్లల మందు కదా," అన్నాడు డ్రైవరు ఒకరోజు.

"మంచిది. నీలాంటి వాడుంటే పెట్టె గురించి నాకు బెంగ లేదు," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరూ వినలేదు కదా అని దాచను.

పెట్టెలో అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి ఉంటుంది. పది నిమిషాలకొకసారి లోపల ఎన్ని డిగ్రీలుందో రాసుకుంటుంది. సాయంత్రం దాన్ని కంప్యూటరుకు తగిలిస్తే ఆ రోజు అంకెలన్నీ వరసగా వస్తాయి. డాక్టరు గారి ఫారంలో ప్రయాణానికి ఒక గడి మాత్రమే ఉండేది. ఆ ఫారం గీసింది నేను. నలభై అంకెలకు ఒక గడి ఇచ్చి, అందులో సగటు వచ్చేట్టు పెట్టాను. రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉంటే గడి ఆకుపచ్చగా మారుతుంది. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

కోతలు సగంలో ఉండగా నర్సమ్మ గారు ఒకరోజు సీసా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, ఇది చూడు. ఊపితే విరిగిన పెరుగులా పలుకులు కనిపిస్తన్నాయి. కాసేపు పెడితే అడుగున దిగిపోతంది. నాకెందుకో బాగా అనిపించట్లా."

నేను సీసా వైపు చూడలేదు. తెర వైపు చూశాను. "ఇవాళ సగటు నాలుగు ఉందక్కా. నిన్నా నాలుగే. మొన్న నాలుగున్నర. చూడండి, అంతా పచ్చగానే ఉంది."

"పచ్చగా ఉంటే మంచిదేలే. నేను చదువుకున్నది తక్కువ. ఈ కళ్లతో చూసిందే చెప్పాను," అని సీసా తీసుకుని వెళ్లిపోయింది.

ఆమెది ముప్పై ఏళ్ల చూపు. నా సగటుకు ఎదురు చెప్పడం ఇష్టంలేక ఊరుకుంది. నాకేమో గెలిచినట్టనిపించింది.

ఇక ఆ గుడిసెల సంగతి. ఒక పెద్ద రైతు మిరప చేను అంచున సుమారు అరవై గుడిసెలు. ఒక మేస్త్రీ తెచ్చిన ముఠా. అందులో మా పట్టికలోకి ఎక్కిన చంటిపిల్లలు పన్నెండు మంది. కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల పక్కన నడిస్తే ముక్కు మండుతుంది, గొంతు గీరుకుపోతుంది. ఆ మూడు నెలలూ మా ప్రాంతంలో దగ్గని మనిషి ఉండడు. కాయ కోసేవాళ్లూ దగ్గుతారు, తొడిమలు తీసేవాళ్లూ దగ్గుతారు, పిల్లలూ దగ్గుతారు. ఎవరు దగ్గినా ఘాటు తగిలిందంటారు, నీళ్లు తాగమంటారు. ఆ గుడిసెల దగ్గర ఒక ఐదేళ్ల పిల్ల బొంగురు గొంతుతో దగ్గుతూ మా జీపు చుట్టూ తిరిగేది. రెండు వారాల్లో రెండుసార్లు చూశాను. మా పరిశోధన ఏడాదిలోపు పిల్లల గురించి. ఐదేళ్ల పిల్ల కోసం నా పట్టికలో వరస లేదు, అందుకని చూసీ చూడలేదు.

అక్కడే ఒక తల్లి ఉండేది. ఇరవై రెండేళ్లుంటాయేమో. కోత కోస్తున్నంతసేపూ మూడు కర్రలు కట్టి చీరతో వేసిన ఉయ్యాలలో నాలుగు నెలల కూతుర్ని పడుకోబెట్టేది. పిల్లకు పేరు పెట్టలేదు. ఊరికి పోయాకే పెడతారట. మా పట్టికలో తల్లి పేరు కింద 'పాప' అని ఉంది. మొదటి మోతాదు వేసేటప్పుడు ఆమె నన్ను అడిగింది:

"ఏంది సారూ ఈ సూది? మా అక్క కొడుకు గొంతు మూసుకుపోయి పోయాడు. అది రాకుండానా?"

"దానికేనమ్మా. కంఠసర్పి అంటారు. ఇవి వరసగా పడితే అది దరికి రాదు."

"నిజంగానా?"

"నిజంగానే," అన్నాను. కార్డు మీద తేదీ నా చేత్తోనే రాశాను, నర్సమ్మ గారు ఇంకో పాప దగ్గర ఉంటే. రెండో మోతాదు తేదీ కూడా నేనే రాశాను. ఆ కార్డును ఆమె ప్లాస్టిక్ కవరులో చుట్టి, గుడిసెలో బియ్యం డబ్బాలో పెట్టింది.

ఆ రోజు పొద్దున పదింటికి రెండు కబుర్లు వచ్చాయి. ఒకటి, మొదటి విడత రక్తపరీక్షల ఫలితాలు. రెండు, ఆ ఐదేళ్ల పిల్లకు మెడ వాచి, ఊపిరి అందక, గొంతులో కంఠసర్పికి గుర్తయిన బూడిద రంగు పొర కనిపించిందని నర్సమ్మ గారి ఫోను. డాక్టరు గారు పిల్లను జీపులో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లేందుకు ఆఫీసు నుంచి బయల్దేరుతూ నన్ను అడిగింది:

"ఆ గుడిసెల్లో మన పిల్లలు పన్నెండు మందికీ టీకా పడిందా?"

"పడింది మేడమ్. అందరికీ."

"ఒకటికి రెండుసార్లు చూశారా?"

"చూశాను మేడమ్."

జీపు వెళ్లాక ఫలితాలు తెరిచాను. పోలిక కోసం రక్తం తీసిన, ఊళ్లో ఉపకేంద్రంలో టీకా వేయించుకున్న పిల్లల అంకెలు ఉండాల్సినంత ఉన్నాయి. మా పెట్టెలోంచి వేసిన పిల్లల అంకెలు, ఒక్కరివి కూడా లేవలేదు. అసలు టీకా పడనివాళ్ల అంకెల్లా ఉన్నాయి. ఒకళ్లిద్దరివి తక్కువగా ఉంటే ఏదో అనుకోవచ్చు. వరసగా అందరివీ అంతే.

పదకొండింటికి, మొదటిసారిగా, సగటు కాకుండా ఆ చిన్న యంత్రం రాసిన అసలు అంకెలు తీశాను. మొదటి ప్రయాణం రోజు పొద్దున ఏడున్నరకు మైనస్ ఒకటి. ఎనిమిదికి మైనస్ రెండు. తొమ్మిదికి మైనస్ రెండు. పది దాటాక సున్నా. ఆ తర్వాత ఎండకు పెరిగి మధ్యాహ్నానికి ఎనిమిది, తొమ్మిది. రెండున్నర గంటలు గడ్డకట్టే చలి, నాలుగు గంటలు అంచు మీద వేడి. కలిపి భాగిస్తే నాలుగు చిల్లర. ఆకుపచ్చ గడి.

ఫ్యాను తిరుగుతూనే ఉంది, చొక్కా వీపుకు అంటుకుపోయింది. పత్తికి సగటు సరిపోతుంది. మందు సీసా ఒక్క గంట గడ్డకట్టినా చాలు, మిగతా ఐదు గంటలు ఎంత బాగున్నా అది తిరిగిరాదు. ఇంత చిన్న సంగతి నాకు తెలియక కాదు. గోడ మీద కాగితంలో ఉన్నదే. కానీ ఆ కాగితం చదివిన నేను, ఫారం గీసిన నేను, ఒకరికొకరు ఎప్పుడూ ఎదురుపడలేదు.

అప్పుడే ఫోను చేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. నేను చేయలేదు. జాగ్రత్త మనిషినని పేరు కదా నాకు. ఇంత పెద్ద మాట చెప్పాలంటే ఒక్క తప్పు కూడా ఉండకూడదనుకున్నాను. ఏ ప్రయాణంలో ఏ సీసా, ఆ సీసాలోంచి ఏ పిల్లకు, అన్నీ జత కలిపి జాబితా కట్టి అప్పుడు చెబుదామనుకున్నాను. అది జాగ్రత్త అని అప్పుడు అనుకున్నాను. కాదు, భయం. ఉద్యోగం పోతుందని కాదు. డాక్టరు గారు కళ్లద్దాలు తీసి చూస్తుందని. యాభై దాటిన మనిషి దానికి భయపడతాడా అంటే, పడ్డాడు.

ఒకసారి జత కలిపాను. తొమ్మిది ప్రయాణాలు, ముప్పై ఒక్క మంది. రెండోసారి మొదలుపెట్టాను. ఒంటిగంటకు నర్సమ్మ గారు గుడిసెల దగ్గర నుంచి ఫోను చేసింది. వెనక మనుషుల కేకలు వినిపిస్తున్నాయి.

"తమ్ముడూ, ఇక్కడంతా గొడవగా ఉంది. పిల్లకు అట్టా అయ్యేసరికి మేస్త్రీ హడలిపోయాడు. జబ్బు అంటుకుంటదని అందర్నీ ఎక్కడికీ పోనీకుండా ఆపేస్తారని ఎవరో చెప్పారంట. కొంతమందిని బండెక్కించి తీసుకుపోతానంటన్నాడు. ఇదుగో, మన పాప తల్లి అడగతంది, మాట్లాడు."

ఆ తల్లి గొంతు వినబడింది. "సారూ, మేం పోతన్నాం. మా పాపకి రెండు సూదులూ పడ్డయ్ గదా? ఏం గాదు గదా? పడలేదంటే చెప్పండి, నేను ఈడనే ఉంటా. ఆయన పోతే పోనీ."

నా ముందు తెర మీద ఆ పాప వరసే ఉంది. రెండు మోతాదులూ మా పెట్టెలోవే. రెండూ గడ్డకట్టిన రోజులవే. రెండోసారి చూడటం ఇంకా పూర్తికాలేదు, అంతే తేడా.

"పడ్డాయమ్మా," అన్నాను. "కార్డులో రాశాం కదా."

"అట్టయితే పోతా సారూ. చల్లగా ఉండండి," అంది.

నర్సమ్మ గారు ఫోను తీసుకుంది. "నిజమేనా తమ్ముడూ? ఆ సీసాల సంగతి..."

"చూస్తున్నానక్కా. ఇంకొక్కసారి చూసి చెబుతా."

"ఎన్నిసార్లు చూస్తావు?" అంది. కోపంగా కాదు. తెలియక అడిగినట్టే అడిగింది.

మూడోసారి అయ్యేసరికి నాలుగు. మూడుసార్లూ ముప్పై ఒకటే వచ్చింది. అప్పుడు డాక్టరు గారికి ఫోను చేసి ఒకే మాటలో చెప్పాను: "మన టీకా గడ్డకట్టింది మేడమ్, ముప్పై ఒక్క మందికి పడనట్టే." ఆసుపత్రి వరండాలో ఉంది ఆమె. అక్కణ్నుంచే అడిగింది, "మీకు ఎన్నింటికి తెలిసింది?"

"పదకొండింటికి."

కళ్లద్దాలు తీసిందో లేదో నాకు కనిపించలేదు. "రేపు పొద్దున ఆరింటికి పొలం దగ్గర ఉండండి. ఉపకేంద్రం నుంచి మందు నేను తెప్పిస్తాను. మీ పెట్టె తేవద్దు," అని పెట్టేసింది.

మర్నాడు ఆరింటికి వెళ్లాం. పన్నెండు మందిలో ఏడుగురే ఉన్నారు. ముందు రోజు రెండున్నరకు మేస్త్రీ ఒక ట్రాలీలో తొమ్మిది కుటుంబాల్ని ఎక్కించుకుపోయాడు. అందులో మా పట్టికలోని పిల్లలు ఐదుగురు. రెండున్నరకు నేను రెండోసారి లెక్క సగంలో ఉన్నాను.

ఉన్న ఏడుగురి తల్లుల్నీ కూర్చోబెట్టి డాక్టరు గారు దాచకుండా చెప్పింది. మందు చెడిపోయింది, తప్పు మాది, మళ్లీ వేయాలి. ఒక ముసలావిడ లేచి నా మీదకే వచ్చింది.

"అయితే అప్పుడు పొడిచింది సూదా, తుమ్మ ముల్లా? పిల్లలు రెండు రాత్రులు జొరంతో ఏడ్చారే, అది ఊరకేనా? మేం కాయలు కోసేటప్పుడు ఒక తాలుకాయ కలిస్తే రైతు ఊరుకోడు. మీరు మందే తాలు తెస్తిరి!"

నర్సమ్మ గారు ఆమె చెయ్యి పట్టుకుని, "తిట్టమ్మా, తిట్టి పిల్లను ఇటివ్వు," అంది. ఆవిడ తిడుతూనే మనవణ్ణి ఇచ్చింది. అలా ఏడుగురికీ పడింది. గుడిసెల్లో పిల్లలందరి గొంతులూ ఆ రోజే టార్చిలైటు వేసి చూశాం, మందులిచ్చాం. ఏడాది లోపు, పైన అని తేడా లేకుండా. ఆ పని రెండు వారాల ముందు ఎందుకు చేయలేదని ఎవరూ అడగలేదు. నాలుగో రోజున ఆసుపత్రిలో ఆ పిల్ల పోయింది. అందరూ ఘాటు అనుకున్న దగ్గు నాకూ ఘాటులాగే వినబడింది, అదీ రెండుసార్లు. అందుకే ఆమె నా లెక్కలో ఉంది.

ఆ వారంలోనే డాక్టరు గారు ఒక సీసాను కావాలని గడ్డకట్టించి, కరిగించి, పక్కన మా పెట్టెలో తిరిగొచ్చిన సీసాను పెట్టి, రెండూ కలిపి ఊపి బల్ల మీద ఉంచింది. రెండిట్లోనూ పలుకులు ఒకేసారి అడుగుకు దిగాయి. పక్కనే పెట్టిన, గడ్డకట్టని మంచి సీసాలో మందు మాత్రం పాలలా అలాగే నిలిచి ఉంది. డ్రైవరు గుమ్మంలో నిలబడి చూశాడు. "పిల్లలకి మేలే చేస్తన్నా అనుకున్నానండీ," అన్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. మర్నాటి నుంచి రాలేదు. వెళ్లి పిలవాల్సింది. రెండు ప్యాకులు ఎక్కువ పెడితే మెచ్చుకున్నది నేనని అతనికి చెప్పాల్సింది. అదీ చేయలేదు.

వేరే పొలాల్లో ఉన్న పంతొమ్మిది మందిని వారంలో పట్టుకున్నాం. ప్రతి గుమ్మంలోకీ వెళ్లేముందు ఆగి వినేవాణ్ణి, లోపల్నుంచి ఎలాంటి దగ్గు వినిపిస్తుందోనని. దగ్గు వినిపించని ఇల్లు లేదు. ఏది మిరప దగ్గో, ఏది కాదో, ప్రతిసారీ టార్చి వేసి చూసేదాకా తెలిసేది కాదు. పంతొమ్మిది మందికీ పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

మిగిలింది ట్రాలీలో పోయిన ఐదుగురు. వాళ్ల ఫోను నంబర్లు పట్టికలో తీస్తే ఐదుగురికీ ఒకటే నంబరు. మేస్త్రీది. అదీ నా చలవే. నంబరు గడి ఖాళీగా ఉంటే పట్టిక ముందుకు కదలకుండా నేనే పెట్టాను, పది అంకెలూ ఉండి తీరాలని. కూలీ తల్లుల దగ్గర ఫోన్లు ఉండవు. అందుకని పొలంలో రాసుకునేటప్పుడు మావాళ్లు మేస్త్రీ నంబరు నింపేశారు. ఒక్క గడీ ఖాళీ లేకుండా నిండిన పట్టిక చూసి నేను సంతోషించాను. మేస్త్రీ ఫోను ఆపేసి ఉంది. నెల తర్వాత, ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది.

నర్సమ్మ గారూ నేనూ దర్శి అవతలి పల్లెలకు నాలుగుసార్లు వెళ్లాం. పిల్లల పేర్లు మా దగ్గర లేవు. తల్లుల పేర్లున్నాయి. ఆ పేర్లు వీధికి ముగ్గురికి ఉంటాయి. ఇద్దరు పిల్లలు దొరికారు. ఒక బాబుకు పేరు పెట్టి పది రోజులైందట, బారసాల మిఠాయి కూడా పెట్టారు మాకు. మిగతా ముగ్గురి కుటుంబాలు సొంతూరు రాలేదన్నారు. మేస్త్రీ అటునుంచి అటే ఇంకెక్కడో పనికి తీసుకుపోయాడని ఒకరు, ఇటుకల బట్టీ అని ఒకరు, పక్క రాష్ట్రమని ఒకరు. ఆ ఉయ్యాల పాప తల్లి వాళ్లలో ఉంది. ఆమె అత్త గుమ్మంలో కూర్చుని చెప్పింది, "పోయిన రోజు మేస్త్రీ ఫోన్లోంచి చేసినప్పుడు అదే చెప్పింది నాయనా. పాపకి సూదులన్నీ పడ్డయ్, భయం లేదు, సారు చెప్పాడు అంది."

మళ్లీ ఫోన్ వస్తే ఆ సూదులు లెక్కలోకి రావని చెప్పమని, మా నంబరు ఆమెకు రాసిచ్చి జీపెక్కాం.

ఫారం మార్చాను. ఇప్పుడు ప్రయాణానికి సగటు లేదు. అన్నిటికంటే తక్కువ ఎంత, ఎక్కువ ఎంత, సున్నా కింద ఎన్ని నిమిషాలు అని మూడు గడులు. ఆ ఫారం ఇప్పుడు వేరే శాఖల్లో కూడా వాడుతున్నారని విన్నాను. డాక్టరు గారు నన్ను తీసేయలేదు. పై వాళ్లకు రాసిన నివేదికలో తప్పు ఎక్కడ జరిగిందో రాసింది, ఎవరు చేశారో రాయలేదు. నేనే నిరుడు మానేశాను, మోకాళ్లు సాకు చెప్పి.

మానేసే ముందు నా కుర్చీలోకి వచ్చిన కుర్రవాడికి పట్టికలు అప్పగించాను. చురుకైనవాడు. ఆ ముప్పై ఒక్క మంది పేజీ దగ్గర ఆగి, "సార్, ఇది క్లోజ్ చేసేశాం కదా. ఇరవై ఎనిమిది మందికి మళ్లీ వేశారు, ముగ్గురు జాడ తెలియనివాళ్లు. ముప్పై ఒకటి టాలీ అయింది," అన్నాడు. అవును, జాడ తెలియనివాళ్లు అని ఒక గడి ఉంటుంది. ఎవరు దొరక్కపోయినా అందులో వేస్తే మొత్తం సరిపోతుంది. ఆ గడి కూడా నేను గీసిందే.

నా భయం ఏమిటో మీకు చెప్పి ముగిస్తాను. ఆ పాప ఇప్పుడు నడుస్తూ ఉండాలి, మాట్లాడుతూ ఉండాలి. ఎక్కడో ఏ ఊళ్లోనో ఆమెకు గొంతునొప్పి వచ్చిందనుకోండి. తల్లి ఆసుపత్రికి తీసుకుపోయి ఆ ప్లాస్టిక్ కవరు విప్పి కార్డు చూపిస్తుంది. అక్కడి డాక్టరు కార్డు చూసి, టీకా పడిన పిల్లే కదా, కంఠసర్పి అయ్యుండదులే అనుకుంటాడు. ఆ కార్డు మీద రెండు తేదీలు నా చేతిరాతే. గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా, ఎవరైనా నమ్మేట్టు ఉంటాయి.

కోతలు మొదలవగానే ఇప్పటికీ గుడిసెలు వేసిన చోటల్లా వెళ్లి అడుగుతున్నాను. ఆరోగ్య కార్యకర్తలకు ఆ తల్లుల పేర్లు, వాళ్ల ఊళ్లు రాసిచ్చాను. పట్టికలో సరిపోయింది. నా దగ్గర సరిపోలేదు. ముప్పై ఒకటిలో ఇవాళ్టికి ఇంకా ముగ్గురు.